జాబితాలో లేని విలువ: పాస్కల్ నుంచి క్లౌడ్ వరకు ఎన్యూమ్ చరిత్ర

పరిచయం

1940లో కారంచేడులో పుట్టి, జీవితమంతా ఆ ఊళ్లోనే గడిపిన ఒక స్త్రీని ఊహించుకోండి. ఆమె పుట్టేనాటికి ఆ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో, గుంటూరు జిల్లాలో ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు గుంటూరు నుంచి విడిపోయి అందులో చేరింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న కారంచేడు కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి మారింది. ఆమె ఇల్లు మారలేదు, వీధి మారలేదు. మారిందల్లా ప్రభుత్వ దస్త్రాల్లో "జిల్లా" అనే గడిలో రాయవలసిన మాట.

ఇప్పుడు 2021లో ఒక ప్రోగ్రామర్ ఏదో దరఖాస్తు కోసం ప్రోగ్రాం రాశాడనుకుందాం. జిల్లా గడి దగ్గర అప్పటికున్న 13 జిల్లాల పేర్లు జాబితాగా పెట్టాడు. అతడు చేసిన పని సరైనదే, ఆ రోజుకు. 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లాలు 26 అయ్యాయి. ఆ మర్నాడు పై కార్యాలయపు సర్వరు నుంచి ఈ ప్రోగ్రాంకు "బాపట్ల" అనే మాట వచ్చింది. జాబితాలో ఆ పేరు లేదు. ప్రోగ్రాం ఏం చేయాలి?

ఈ పాఠమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మీలో చాలామంది చరిత్ర విద్యార్థులు, ప్రోగ్రామింగ్ చదివినవారు తక్కువ. అందువల్ల సాంకేతిక పదాలను వచ్చిన చోటనే వివరిస్తాను.

ఎన్యూమ్ అంటే ఏమిటి?

ఒక గడిలో రాయదగిన విలువలన్నింటినీ ముందే పేర్లతో లెక్కపెట్టి ప్రకటిస్తే, ఆ జాబితాను ప్రోగ్రామింగ్ భాషల్లో ఎన్యూమరేటెడ్ టైప్ అంటారు. వాడుకలో ఎన్యూమ్. వారాలు ఏడు, రుతువులు ఆరు, నాలుగు దిక్కులు: ఇవన్నీ ఎన్యూమ్‌లే. ఫోర్ట్రాన్, ఆల్గాల్ 60 వంటి తొలి భాషల్లో ఈ సౌకర్యం లేదు. ఆదివారానికి 0, సోమవారానికి 1 అని ప్రోగ్రామర్ తనే ఒక కాగితం మీద రాసుకుని అంకెలు వాడేవాడు. కాగితం పోతే ఆ అంకెకు అర్థమూ పోయేది. 3 అనేది బుధవారమో, మూడో జిల్లానో, ముగ్గురు పిల్లలో యంత్రానికి తేడా తెలియదు.

ఈ ఇబ్బందిని తీర్చినవాడు స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త నిక్లాస్ విర్త్. జ్యూరిక్‌లో పనిచేస్తూ 1970లో ఆయన ప్రకటించిన పాస్కల్ భాషలో పేర్ల జాబితానే ఒక రకంగా ప్రకటించే వీలు కల్పించాడు. రంగు అనే గడిలో వారం పేరు రాస్తే కంపైలర్, అంటే ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చే సాధనం, అక్కడికక్కడే తప్పు చూపుతుంది. 1972లో డాల్, డైక్‌స్ట్రా, హోర్ కలిసి వెలువరించిన స్ట్రక్చర్డ్ ప్రోగ్రామింగ్ గ్రంథంలో హోర్ ఈ జాబితా రకాలను విపులంగా చర్చించాడు. తరువాత సి భాషలోకి కూడా ఎన్యూమ్ వచ్చింది. అయితే సి భాషలో అది పేరు తగిలించిన అంకె మాత్రమే, పాస్కల్‌లో ఉన్నంత కట్టుబాటు లేదు. 1996లో విడుదలైన జావాలో మొదట ఎన్యూమ్ లేనే లేదు. 2004లో జావా 5తో వచ్చింది.

ఈ చరిత్రలో నాకు అన్నింటికన్నా ఆసక్తికరంగా తోచే ఘట్టం వేరే ఉంది. పాఠ్యపుస్తకాలు దాన్ని తరచుగా వదిలేస్తాయి. పాస్కల్‌లో ఎన్యూమ్‌కు చోటిచ్చిన విర్త్, 1980ల చివర్లో తాను రూపొందించిన ఓబరాన్ భాష నుంచి దాన్ని తొలగించాడు. కారణం కూడా చెప్పాడు. ఒక మాడ్యూల్‌లో ప్రకటించిన జాబితాను ఇంకొక మాడ్యూల్‌లో పొడిగించడం కుదరదు అన్నది అందులో ముఖ్యమైనది. పాస్కల్ రోజుల్లో ప్రోగ్రాం ఒకే ముక్క. జాబితా రాసినవాడూ, దాన్ని వాడేవాడూ ఒక్కడే. జాబితా మారితే మొత్తం ప్రోగ్రాంను మళ్లీ కంపైల్ చేసేవారు, సమస్య తీరేది. ప్రోగ్రాం మాడ్యూళ్లుగా విడిపోయి, ఒక్కొక్కదాన్ని ఒక్కొక్కరు రాయడం మొదలైన తరువాత జాబితా రాసే చెయ్యి వేరు, చదివే చెయ్యి వేరు అయింది. విర్త్ ఆ చిక్కును విప్పలేదు, పక్కకు పెట్టేశాడు. అది పక్కన ఉండిపోలేదు.

క్లౌడ్ వచ్చిన తరువాత

సొంత కంప్యూటరు కొనకుండా, ఎక్కడో ఉన్న పెద్ద యంత్రాలయంలోని యంత్రాలను ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకోవడాన్ని క్లౌడ్ అంటున్నాం. అమెజాన్ తన ఎస్3 నిల్వ సేవను 2006 మార్చిలో ప్రారంభించింది. ఆ యంత్రాలతో మాట్లాడడానికి ప్రోగ్రామర్లు వాడే సిద్ధపు సామగ్రిని లైబ్రరీ అంటారు. ఇది పుస్తకాల గ్రంథాలయం కాదు, ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్కల మూట. సర్వరు కంపెనీ చేతిలో ఉంటుంది. వాళ్లు ఈ రోజు దాన్ని మార్చవచ్చు, రేపు మళ్లీ మార్చవచ్చు. లైబ్రరీ మాత్రం వాడుకదారు యంత్రంలో ఉంటుంది. అక్కడ అది మూడేళ్లు, అయిదేళ్లు తాకకుండా పడి ఉండవచ్చు. అంటే జాబితా ఒక చోట పెరుగుతుంటే, దాన్ని చదివే కళ్లు పాత కాలంలోనే ఆగిపోయి ఉంటాయి. మన జిల్లాల చిక్కు అక్షరాలా ఇదే.

దీనికి మన గడ్డ మీదే ఒక ఉదాహరణ ఉంది. అమెజాన్ తన యంత్రాలయాల సముదాయాన్ని రీజియన్ అంటుంది. భారతదేశంలో మొదటిది ముంబైలో 2016లో వచ్చింది, దాని సంకేతం ఏపీ-సౌత్-1. రెండవది హైదరాబాదులో 2022 నవంబరులో ప్రారంభమైంది, దాని సంకేతం ఏపీ-సౌత్-2. (ఇక్కడ ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, ఆసియా పసిఫిక్. హైదరాబాదు మళ్లీ ఏపీలోకి వచ్చిందని ఎవరూ కంగారు పడనక్కరలేదు.) ఆ సంస్థ జావా లైబ్రరీ మొదటి తరంలో రీజియన్ల పేర్లు మూసిన ఎన్యూమ్‌గా ఉండేవి. 2022కు ముందు నాటి లైబ్రరీని ఆ జాబితా ద్వారా ఏపీ-సౌత్-2 కావాలని అడిగితే, అటువంటి విలువ లేదని తప్పు చూపి ఆగిపోతుంది. హైదరాబాదులో యంత్రాలు తిరుగుతూనే ఉంటాయి. పాత లైబ్రరీ జాబితాలో మాత్రం ఆ ఊరు లేదు. 2018లో వచ్చిన రెండవ తరంలో దీన్ని మార్చారు. రీజియన్‌ను మూసిన జాబితాగా కాక, ఏ పేరునైనా పట్టుకోగల సంచిలా తయారుచేశారు. తెలిసిన పేర్లకు చీటీలు ముందే రాసి ఉంటాయి, తెలియనివాటికి చీటీ అప్పటికప్పుడు రాసుకోవచ్చు.

ఇతరులు, ఇతరులు (పేర్కొనండి)

మీరు దరఖాస్తు ఫారాలు చాలా నింపి ఉంటారు. కొన్ని ఫారాల్లో చివర "ఇతరులు" అని మాత్రమే ఉంటుంది. కొన్నింటిలో "ఇతరులు (పేర్కొనండి)" అని రాసి పక్కన ఖాళీ గీత గీస్తారు. చూడడానికి తేడా చిన్నదే. మొదటిదానిలో టిక్కు పెడితే మీరు ఎవరో కాదన్నది మాత్రమే నమోదవుతుంది. రెండవదానిలో మీరు ఎవరో నమోదవుతుంది.

క్లౌడ్ లైబ్రరీలు ఈ రెండు పద్ధతులనూ అనుసరించాయి. అమెజాన్ రెండవ తరం జావా లైబ్రరీలో, సర్వరు జవాబులో తెలియని విలువ వస్తే "ఈ లైబ్రరీ కూర్పుకు తెలియనిది" అన్న అర్థం గల ఒక ప్రత్యేక విలువ చేతికొస్తుంది. అసలు మాట ఏమిటో కావాలంటే దాన్ని అక్షరాల రూపంలో వేరే దారిన అడిగి తీసుకోవాలి. మైక్రోసాఫ్ట్ అజూర్ జావా లైబ్రరీలో ఎక్స్‌పాండబుల్ స్ట్రింగ్ ఎన్యూమ్ అనే ఏర్పాటు ఉంది. పేరుకు ఎన్యూమే గానీ లోపల ఉన్నది అక్షరాల వరుస. తెలిసిన విలువలన్నీ పేర్లతో సిద్ధంగా ఉంటాయి. కొత్తది వస్తే అదే పేరుతో ఒక కొత్త విలువ పుడుతుంది, ఏదీ పోదు. సేవను వర్ణించే పత్రంలోనే ఫలానా జాబితా మూసినదా, పెరిగేదా అని ముందుగా రాసిపెట్టే సంప్రదాయం కూడా అజూర్‌లో ఉంది. గూగుల్ వారి ప్రోటోకాల్ బఫర్స్ కథలో ఈ మార్పు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. రెండవ కూర్పులో ఎన్యూమ్‌లు మూసినవి. 2016లో వచ్చిన మూడవ కూర్పులో తెరిచినవి: తెలియని అంకె వచ్చినా దాన్ని ఆ గడిలోనే అలాగే ఉంచుతారు.

పోగొట్టకుండా ఉంచడం ఎందుకంత ముఖ్యమో మన పాత ఉదాహరణతోనే చూద్దాం. 13 జిల్లాల ప్రోగ్రాం బాపట్లను చూసి ఆగిపోతే నష్టమే. కాని ఆగిపోయిందని అందరికీ తెలుస్తుంది, ఎవరో ఒకరు సరిచేస్తారు. అంతకన్నా ప్రమాదకరమైన ప్రోగ్రాం ఇంకొకటి ఉంది. తెలియని పేరు కనబడగానే జాబితాలోని మొదటి పేరును మౌనంగా ఎంచుకునే రకం అది. అక్షర క్రమంలో మొదటిది అనంతపురం. మన కారంచేడు స్త్రీ తన ఫోన్ నంబరు మార్చమని కార్యాలయానికి వెళ్లింది. గుమాస్తా ఆమె వివరాలు తెరిచాడు, నంబరు మార్చాడు, భద్రపరిచాడు. జిల్లా గడిని అతడు ముట్టుకోనైనా లేదు. అయినా ఆమె ఇప్పుడు అనంతపురం జిల్లా మనిషి. రేపు ఏ పింఛను జాబితాలోనో ఆమె పేరు కనబడకపోతే, కారణం వెతికి పట్టుకోవడం ఎవరి తరం?

ఇది ఊహ. జరిగినదానికి 2011 జనగణన చూడండి. ఆ లెక్కల్లో మొదటిసారిగా లింగం గడిలో పురుషుడికి 1, స్త్రీకి 2తో పాటు ఇతరులకు 3 అనే సంకేతం చేర్చారు. దేశం మొత్తం మీద 4.87 లక్షల మందికి పైగా ఆ మూడవ సంకేతం కింద నమోదయ్యారు. అంటే జాబితాను పొడిగించారు. కాని ముందుగా విడుదలైన ప్రాథమిక పట్టికల్లో పాతకాలపు రెండు గడులే ఉన్నాయి. ఈ మూడవ సంఖ్యను పురుషుల గడిలో కలిపి చూపారు. రాసుకున్న చోట జాబితా పెరిగింది, చదివి చూపిన చోట పెరగలేదు. చరిత్ర విద్యార్థిగా మీరు పాత పట్టికలు వాడేటప్పుడు ఏ గడిలో ఎవరిని కలిపారో అడిగి తెలుసుకోవలసిన అవసరం ఇందుకే.

వాహనాల నంబరు ఫలకాల్లో ఇందుకు భిన్నమైన పద్ధతి కనిపిస్తుంది. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు టీఎస్ అన్నారు, 2024 మార్చి నుంచి కొత్త వాహనాలకు టీజీ అంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి జిల్లాకొక సంకేతం బదులు రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఇచ్చారు. అయినా ప్రకాశం జిల్లా ఏపీ 27 బండి ఇప్పటికీ రోడ్డు మీద చెల్లుతుంది. కొత్త విలువ వచ్చిందని పాతదాన్ని చెరిపివేయలేదు. క్లౌడ్ సేవలు కూడా ఎన్యూమ్ విలువలను సాధారణంగా కలుపుతాయే గాని తీసివేయడానికి వెనుకాడతాయి. తీసివేసిన విలువ ఏదో ఒక మూల పాత దస్త్రంలో బతికే ఉంటుందని వాటికి తెలుసు. గుంటూరు జిల్లా 1859లో కృష్ణా జిల్లాలో కలిసిపోయి 1904లో మళ్లీ పుట్టిందని మీరు ఆధునికాంధ్ర చరిత్రలో చదివే ఉంటారు. చెరిపేసిన పేరు తిరిగి రావడం మనకు కొత్త కాదు.

జాబితా మూసి ఉండవలసిన చోటు

ఇంతవరకు చదివి, అన్ని జాబితాలనూ తెరిచి ఉంచడమే మంచిదని మీరు అనుకోవచ్చు. అది సరికాదు. మూసి ఉండవలసిన జాబితాలు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది నేరాల జాబితా. కారంచేడు పేరు దేశమంతటికీ తెలిసింది కూడా ఈ చర్చకు సంబంధించిన కారణంతోనే.

1985 జులై 17న కారంచేడులో దళితవాడ మీద జరిగిన దాడిలో ఆరుగురు దళితులు హతులయ్యారు. వారు తాగే చెరువు నీటిని మురికి చేయడాన్ని ప్రశ్నించడంతో ఆ గొడవ మొదలైంది. ప్రాణభయంతో దళిత కుటుంబాలు ఊరు వదిలి చీరాలకు చేరాయి. ఆ శిబిరాల నుంచే కత్తి పద్మారావు, బొజ్జా తారకం ప్రభృతుల నాయకత్వాన దళిత మహాసభ ఉద్యమం ఎదిగింది. 1989లో పార్లమెంటు చేసిన షెడ్యూల్డ్ కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టానికి దారితీసిన సంఘటనల్లో కారంచేడును చరిత్రకారులు తప్పక పేర్కొంటారు. ఆ చట్టం 3వ సెక్షన్ మొదటి ఉపవిభాగంలో పదిహేను రకాల అత్యాచారాలను ఒకటొకటిగా లెక్కించారు. పదమూడవది: దళితులు, గిరిజనులు మామూలుగా వాడుకునే నీటిని చెడగొట్టడం. పదిహేనవది: వారిని ఇల్లు, ఊరు వదిలిపోయేలా చేయడం. ఈ రెండింటినీ చదివేటప్పుడు కారంచేడు చెరువూ, చీరాల శిబిరాలూ గుర్తుకు రాకుండా ఉండవు.

ఆ పదిహేనింటి చివర "ఇతరములు" అని ఒక ఖాళీ గీత గీసి, పోలీసు అధికారి ఏది రాస్తే అది నేరమనవచ్చా? కూడదు. ఏది నేరమో ముందుగా రాసి ఉంటేనే శిక్షించాలన్నది న్యాయసూత్రం. రాజ్యాంగం 20(1) అధికరణం ప్రకారం, చేసిన నాటికి నేరం కాని పనికి తరువాత వచ్చిన చట్టంతో శిక్ష వేయకూడదు. అందువల్ల 1989 చట్టం 1985 నాటి దాడికి వర్తించదు. నేరాల జాబితాను పొడిగించగలిగేది శాసనసభలే. 2015 సవరణతో అలాగే పొడిగించారు. చెప్పుల దండ వేయడం, తల గొరిగించడం, మీసాలు తీసివేయడం వంటివి పేర్లతో సహా చేరాయి. అది 2016 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చింది. జాబితాలో పేరు చేరడానికి ఎంతకాలం పట్టిందో, ఆ కాలమంతా ఆ అవమానాలు ఎవరు భరించారో మీరే లెక్క వేసుకోండి. మూసిన జాబితాకు చెల్లించే వెల అది. అయినా ఆ వెల చెల్లించి మూసి ఉంచడమే నయమని నా అభిప్రాయం.

తెలియనిది ఎదురైనప్పుడు

ప్రోగ్రామర్‌కు కూడా మూసిన జాబితా వల్ల ఒక లాభం ఉంది. విలువలు ఇవే అని తెలిస్తే, అన్నింటికీ జవాబు రాశాడా లేదా అని కంపైలర్ తనిఖీ చేయగలదు. జాబితాను తెరిచిన మరుక్షణం ఆ హామీ పోతుంది. "ఇవేవీ కాకపోతే" అనే కొమ్మను ప్రోగ్రామర్ తనే రాయాలి, అందులో ఏం చేయాలో తనే ఆలోచించాలి. లైబ్రరీ ఆ ఆలోచన అతని బదులు చేయలేదు.

ఎస్3 నిల్వ తరగతులను తీసుకోండి. 2006లో తరగతుల బెడదే లేదు. తరువాత ఒకటొకటిగా చేరాయి: 2012లో గ్లేసియర్ సేవ, 2015లో అరుదుగా వాడే దస్త్రాల తరగతి, 2018లో ఇంటెలిజెంట్ టియరింగ్, 2019లో డీప్ ఆర్కైవ్. డీప్ ఆర్కైవ్‌లో పెట్టిన దస్త్రాన్ని వెంటనే చదవలేం. ముందు వెలికి తీయమని కోరాలి, మామూలు పద్ధతిలో 12 గంటల దాకా పట్టవచ్చు. 2017లో రాసిన ప్రోగ్రాం ఈ కొత్త పేరును చూసి "తెలియనిదంతా మామూలు తరగతే" అనుకుంటే, చదవబోయి భంగపడుతుంది. అదే ప్రోగ్రాం పని దస్త్రాల పట్టిక చూపించడమే అయితే, వచ్చిన పేరును వచ్చినట్టు తెరమీద రాస్తే చాలు, ఏ నష్టమూ లేదు. డబ్బు బదిలీ, దస్త్రాల తొలగింపు వంటి వెనక్కు తీసుకోలేని పనులైతే తెలియని విలువ దగ్గర ఆగి మనిషిని పిలవడమే క్షేమం.

ఇంటర్నెట్ పెద్దలు దీనికి మరో ఉపాయం కూడా కనిపెట్టారు. వెబ్ సర్వరు ఇచ్చే జవాబుల సంకేతాలు మూడంకెలవి. 404 అంటే కోరిన పుట లేదని మీకు తెలుసు. మొదటి అంకె ఆ సంకేతపు కుటుంబాన్ని చెబుతుంది: 4తో మొదలైతే అడిగినవారి వైపు తప్పు, 5తో మొదలైతే సర్వరు వైపు తప్పు. తనకు తెలియని 4 కుటుంబపు సంకేతం వస్తే దాన్ని 400గా భావించి నడుచుకోమని హెచ్‌టీటీపీ నియమాలు 1990ల నుంచే చెబుతున్నాయి. ఇంటి పేరు పోల్చుకుంటే మనిషిని పోల్చుకోకపోయినా మర్యాదగా మాట్లాడవచ్చు కదా, అలాంటిది. క్లౌడ్ లైబ్రరీల ఎన్యూమ్‌లలో ఇటువంటి కుటుంబ సూచన చాలావాటికి లేదు. అది లోటే.

అభ్యాసం

మీ ఇంట్లో ఉన్న పాత పత్రాలు, అంటే రేషన్ కార్డు, భూమి పాస్‌పుస్తకం, విద్యార్హత పత్రాలు, ఓటరు కార్డు బయటకు తీయండి. ఒక్కొక్కదానిలో జిల్లా, మండలం లేదా తాలూకా పేరు ఏమని ఉందో, ఆ పత్రం ఏ సంవత్సరానిదో రాసుకోండి. తరువాత ఇప్పుడు మీరు నింపే ఏదైనా ప్రభుత్వ ఆన్‌లైన్ ఫారం తెరిచి, ఆ పాత పేర్లలో ఎన్ని అందులో దొరుకుతాయో చూడండి. దొరకని పేరును ఆ ఫారం ఏం చేయమంటోంది: ఆపేస్తోందా, మరొకటి ఎంచుకోమంటోందా, ఉన్నది ఉన్నట్టు రాయనిస్తోందా? రెండు పుటలకు మించకుండా రాసి మీ అధ్యయన కేంద్రంలో తరువాతి సంపర్క తరగతికి తీసుకురండి.